ఎవరింట్లో వాళ్ళకే క్యాంపు

సోమవారం ఉదయం తొమ్మిదిన్నర నుంచి కంపెనీలో బలమైన సంస్కృతి అమల్లోకి వస్తుందని శుక్రవారం సాయంత్రం సీయీవో మహీధర్ ప్రకటించాడు.

ప్రకటన వినడానికి తెరమీద తొమ్మిది చదరాలు హాజరయ్యాయి. ఆరింటిలో మొహాలున్నాయి. రెండింటిలో నుదుళ్ళున్నాయి. ఒకదాంట్లో సీలింగు ఫ్యాను తిరుగుతోంది. ఆ ఫ్యాను కింద హనుమకొండలో తిరుమలేష్ ఉన్నాడని అందరూ నమ్ముతారు.

"ఇంతకాలం మనం పని చేశాం. ఇకమీదట మనం కలిసి బతుకుతాం" అన్నాడు మహీధర్, సింగపూర్‌లో సెరంగూన్ వైపున్న తన కాండో ఫ్లాట్‌లోంచి.

అదే ఊళ్ళో వుడ్‌ల్యాండ్స్‌లో తన ఫ్లాట్‌లో కూర్చుని ఉపేంద్ర చెయ్యెత్తే బొమ్మ నొక్కాడు. సంస్కృతి వచ్చాకైనా తన సెలవు దొరుకుతుందేమో అడుగుదామని. "ప్రశ్నలు సోమవారం" అన్నాడు మహీధర్. తెర ఆరిపోయింది.

చేరువ అనే ఆ కంపెనీ చేసే పని ఆషామాషీది కాదు. దూరదూరంగా కూర్చుని పనిచేసే ఉద్యోగుల్ని మనసులో దగ్గర చేసే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తుంది. మీటింగులో ఎన్ని మొహాలున్నాయో లెక్కపెడుతుంది. ఆ మొహాలు ఎంత శాతం నవ్వుతున్నాయో చెబుతుంది. అది రెండువేల ఇరవై రెండు. జనం ఇళ్ళలోంచి పనిచేయడం మరిగారు. వాళ్ళు ఇళ్ళలో సుఖంగా ఉన్నారా లేదా అని కనిపెట్టే కంపెనీలకి సింగపూర్‌లో పిలిచి డబ్బులిస్తున్నారు. అలాంటి రోజుల్లో, అలాంటి సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలోంచి నలుగురు ఒకరి వెనక ఒకరు మానేసి, మహీధర్ పాత రూమ్మేట్ పెట్టిన గుంపోలా అనే కంపెనీలో చేరారు. ఆఖరి మీటింగులో ఆ నలుగురూ మునుపెన్నడూ లేనంతగా నవ్వారని చేరువ సాఫ్ట్‌వేర్ నమోదు చేసింది. అంటే సాఫ్ట్‌వేర్ బాగా పనిచేస్తోంది.

ఆ సాఫ్ట్‌వేర్ రాసింది ఉపేంద్రే. హోదాకి టెక్నికల్ హెడ్డు. ఇక్కడ ఉద్యోగం చేసుకోవడానికి అతనికున్న పాసు కంపెనీ చేతిలో ఉంది. కంపెనీ ఉంటే సింగపూర్‌లో అతనుంటాడు. లేకపోతే మూటాముల్లె సర్దుకోవాలి. భార్య అరుణశ్రీకి నెలలు నిండుతున్నాయి. ఆవిడ తల్లికి పాస్‌పోర్టు ఇంకా చేతికి రాలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళాలన్నా, పక్కన నిలబడాలన్నా, వచ్చాక కాస్త పథ్యం వండిపెట్టాలన్నా ఉపేంద్ర ఒక్కడే. పుట్టబోయేది ఈ దేశపు బిడ్డ కాదు కనక తండ్రులకి సర్కారు ఇప్పించే సెలవు అతనికి వర్తించదు. కంపెనీ దయతలచాలి. రెండు వారాల సెలవు కావాలి. అతను అడిగేది అంతే.

ఇక ఈ సంస్కృతి పుట్టిన వేళ ఎలాంటిదో చెప్పాలి. అది మహీధర్ కాండోలో, ఆ ముందటి బుధవారం పుట్టింది. పుట్టినప్పుడు ఉపేంద్ర అక్కడే ఉన్నాడు. తెరమీద సెలవడిగితే నెట్టు సరిగ్గా ఉండటం లేదని, మనిషిగా వెళ్ళి అడుగుదామని రైలెక్కి వెళ్ళాడు.

"మహీ సార్, నా లీవు సంగతి..."

ఇక్కడ సార్లు లేరు, అందరూ నన్ను మహీ అనండి అని మహీధర్ మొదటిరోజే ఆజ్ఞాపించాడు. అప్పట్నుంచి అందరూ మహీ సార్ అంటున్నారు.

"లీవు అడగడమేంటి ఉపేంద్రా? మన పాలసీ ఏంటి? అన్‌లిమిటెడ్. అడిగావంటే పాలసీ మీద నీకు నమ్మకం లేదనేగా?"

"అయితే తీసుకోమంటారా సార్?"

"ఇప్పుడెలా తీసుకుంటావ్? మిస్ లిమ్ ఏమందో తెలుసా?"

మిస్ లిమ్ కంపెనీలో డబ్బు పెట్టిన మనిషి. సింగపూర్ వాళ్ళందరిలా మాట చివర 'లా' తగిలిస్తుంది. నలుగురు పోయారని తెలిసిన సాయంత్రమే ఫోన్ చేసింది. 'నీకు ప్రాడక్ట్ ఉంది, కల్చర్ లేదు లా. నెలాఖరు శనివారం నేనే మీటింగులోకి వచ్చి లెక్కపెడతా. తొమ్మిదికి తొమ్మిదిమందీ ఉండాలి. ఒక్క తల తగ్గినా మూసెయ్' అంది.

సోఫాలో కాళ్ళు మడుచుకుని ఒకాయన ఫోన్‌లో రాజమండ్రి వార్తలు చూస్తున్నారు. ఆయన వీరభద్రరావుగారు. మహీధర్‌కి పిల్లనిచ్చిన మామగారు. కూతురి దగ్గర రెండు నెలలు ఉందామని వచ్చారు. సింగపూర్ ఆయనకి నచ్చలేదు. రోడ్లు శుభ్రంగా ఉన్నాయి గానీ, కిందికి దిగితే సెక్యూరిటీ వాడు కూడా లేచి నిలబడటం లేదట.

"కల్చర్ అంటే ఏవిటండి అల్లుడుగారూ? డాన్సులాండీ?"

"డాన్సులు కాదు మావయ్యగారూ. మనుషులు మనల్ని వదిలేసి పక్క కంపెనీలోకి దూకకుండా ఉండటం."

వీరభద్రరావుగారు ఫోను పక్కన పెట్టారు. కళ్ళజోడు తీసి లాల్చీ అంచుతో తుడుచుకున్నారు.

"దూకకుండానా అండీ?"

"అవునండి."

"ఓస్. దీనికేనా ఇంగ్లీషులో అంత పేరెట్టుకుని భయపడి చస్తున్నారు? ముప్పయ్యేళ్ళు నేను చేసిందేవిటండీ మరి!"

ఆయన గొప్పలు చెప్పుకునే మనిషి కాదు. రామచంద్రపురం వైపు మూడు పార్టీల్లో పనిచేశారు, ఒకదాని తర్వాత ఒకటి. ఎమ్మెల్యేగా ఎప్పుడూ నిలబడలేదు. మండలాధ్యక్షుడి ఎన్నిక వస్తే మెంబర్లని బస్సెక్కించి ఏ గెస్ట్‌హౌస్‌కో తీసుకుపోయి, ఓటు వేసేదాకా అవతలివాళ్ళ కంట పడకుండా కాచుకోవడం ఆయన విద్య. ఆయన కాచిన క్యాంపులోంచి పక్షి కూడా ఎగరలేదని జిల్లాలో చెప్పుకుంటారు.

ఆ సాయంత్రానికి వీరభద్రరావుగారు చేరువ కంపెనీకి కల్చర్ కన్వీనర్ అయ్యారు. ఉపేంద్ర తన సెలవు సంగతి మళ్ళీ కదిపితే, "కన్వీనర్ గారితో మాట్లాడు, ఇది కల్చర్ కిందికొస్తుంది" అన్నాడు మహీధర్.

సోమవారం తొమ్మిదిన్నరకి సంస్కృతి వచ్చింది.

వీరభద్రరావుగారు ఇస్త్రీ ఖద్దరులో తెరమీద వెలిగారు. మొదట ప్రతిజ్ఞ. తర్వాత నినాదం. "చేరువ కంపెనీ!" అని ఆయన అరిస్తే తొమ్మిది చోట్ల నుంచి "వర్ధిల్లాలి!" అనాలి. నెట్టు ఒక్కొక్కరికి ఒక్కో వేగంతో ఉంది కాబట్టి వర్ధిల్లడం అరనిమిషం పాటు విడతలవారీగా వినబడింది. మలేసియాలోని జొహోర్‌లో ఉండే ఫైజల్‌కి తెలుగు రాదు. తాను అరుస్తున్నదేమిటని చాట్‌లో అడిగాడు. "గ్రోత్ మైండ్‌సెట్" అని మహీధర్ జవాబిచ్చాడు. ఫైజల్ అందరికంటే గట్టిగా అరిచాడు.

తర్వాత పదవులు పంచారు. తొమ్మిదిమందికి పదమూడు పదవులు. పదవున్నవాడు దూకడు, పదవి రానివాడే గోడ దగ్గర చెప్పులు వెతుక్కుంటాడని వీరభద్రరావుగారి అనుభవం. ఒక్కరోజులో కంపెనీలో కార్యకర్తలు లేకుండా పోయారు, అందరూ నాయకులే.

మధ్యాహ్నం తిరుమలేష్ ఉపేంద్రకి ఫోన్ చేశాడు.

"అన్నా, పొద్దుగాల దాకా నేను టెస్టింగ్ జేస్తుంటి. ఇప్పుడు ఉమ్మడి వరంగల్ జిల్లా ఇంచార్జినట. జిల్లాల మనోళ్ళు ఎంతమందున్నరే?"

"నువ్వొక్కడివే తిరుమలేష్."

"అంటే నాకు నేనే ఇంచార్జినా? మరి నేను పని జేస్తలేనని ఎవ్వనికి కంప్లయింట్ జెయ్యాలె?"

బుధవారం మీటింగులో ఉపేంద్ర తెగించాడు. మైకు తెరిచి, అందరూ వింటుండగా, మా ఆవిడకి నెలలు నిండాయి, రెండు వారాలు సెలవు కావాలి అని ఒక్క గుక్కలో చెప్పేశాడు. వీరభద్రరావుగారు కళ్ళు మూసుకుని విన్నారు. ఆయన మొహంలో ఆనందం కనిపించింది. సభ్యుడు బాధ చెప్పుకోవడం సంస్కృతి వేళ్ళూనుకుందనడానికి గుర్తట.

"చాలా మంచి విషయం లేవనెత్తారు బాబూ. సెలవు సమస్యని మూలాల నుంచి పరిశీలించాలి. త్రిసభ్య కమిటీ వేస్తున్నా. చైర్మన్ మీరే."

చప్పట్ల బొమ్మలు ఎగిరాయి. ఉపేంద్ర వెనకాల గోడ మాయమై, అక్కడ ఎర్ర శాలువా ప్రత్యక్షమైంది. సన్మానం కోసం మహీధర్ చేయించిన బ్యాక్‌గ్రౌండ్ బొమ్మ అది. మెడ కదిపితే శాలువా చెవుల మీదికి పాకుతోంది.

"మరి ఈలోపు నేను సెలవు..."

"అదెలా కుదురుద్దండీ! విచారణ జరుగుతుండగా చైర్మనే సెలవెట్టాడంటే జనంలోకి ఏం సంకేతం వెళ్ళుద్ది? నైతికంగా బాగోదు."

సాయంత్రం అరుణశ్రీ సోఫాలో దిండు వెనక పెట్టుకుని కూర్చుని అడిగింది.

"ఇచ్చారా?"

"కమిటీ వేశారు."

"చైర్మనెవరు?"

"నేనే."

ఆవిడ తన పొట్ట వంక చూసుకుంది. "నీ కమిటీ రిపోర్టు ఇచ్చేదాకా లోపలే ఉండమని చెప్పనా దీనికి?" అంది.

ఉపేంద్ర నిజాయితీపరుడు. ఆ రాత్రే రిపోర్టు రాసి పంపాడు. సెలవు ఇవ్వాలని. మిగతా ఇద్దరు సభ్యులూ సంతకాలు పెట్టారు. కమిటీ ఏకగ్రీవంగా ఉండటం అనుమానాస్పదమని కన్వీనర్ గారు రెండో కమిటీ వేశారు.

నెలాఖరు వారం వచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరూ దూకలేదు. వీరభద్రరావుగారికి ఈ ప్రశాంతత నచ్చలేదు. ఆయన భయపడ్డట్టే అయింది. బుధవారం విశాఖపట్నంలో సుమలత అనే డిజైనర్‌కి గుంపోలా నుంచి ఫోన్ వచ్చింది. ఆ పిల్ల అమాయకురాలు. తనే వచ్చి మీటింగులో చెప్పింది.

"ఎంతసేపు మాట్లాడావు తల్లీ?"

"నాలుగు నిమిషాలండి. వద్దన్నానండి."

"వద్దనడానికి నాలుగు నిమిషాలా? వద్దు అనేది ఒక్క ముక్క. మిగిలిందంతా బేరమే." ఆయన అల్లుడి వైపు తిరిగారు. "ఇంక ఆలస్యం కుదరదండీ. రేప్పొద్దున్నే క్యాంపు."

"క్యాంపంటే ఎలా మావయ్యగారూ? మనది రిమోట్ టీమ్. నాలుగు ఊళ్ళలో ఉన్నారు. ఏ రిసార్టుకని తీసుకెళ్తాం?"

"రిసార్టెందుకండీ దండగ? ఎవరింట్లో వాళ్ళనే పెడదాం క్యాంపు."

మహీధర్ నోరు తెరుచుకుని మామగారిని చూశాడు. పెద్ద పెద్ద బడుల్లో ఎంబీయేలు చదివినవాళ్ళకి తట్టని ఆలోచన. రిమోట్ క్యాంపు. ఆ రాత్రే దాని గురించి నెట్‌లో వ్యాసం రాశాడు. దానికి లైకులు కూడా వచ్చాయి.

గురువారం నుంచి శనివారం దాకా నియమాలివి. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా కెమెరా ఆపకూడదు, మొహం అందులోంచి తప్పించకూడదు; తిరుమలేష్ కెమెరా కూడా ఫ్యాను మీంచి అతని మొహం మీదికి దిగింది. ఫోన్లని బియ్యం డబ్బాలో పెట్టి, మూత బిగించి, డబ్బాని కెమెరాకి కనబడేలా పక్కన పెట్టుకోవాలి. గుంపోలా వాళ్ళు ఎన్నిసార్లు చేసినా బియ్యానికే వినబడాలి. మెస్సులో తినే తిరుమలేష్‌కి బియ్యం డబ్బా లేదు. మరమరాల డబ్బాకి మినహాయింపు ఇచ్చారు. బాత్రూముకి వెళ్ళాలంటే చెయ్యెత్తాలి. ఇద్దరు ఒకేసారి లేవకూడదు, లేస్తే దాన్ని మంతనాల కింద పరిగణిస్తారు. ఒంటిగంటకి అందరికీ బిర్యానీ. సింగపూర్ వాళ్ళకి లిటిల్ ఇండియా నుంచి, మిగతావాళ్ళకి వాళ్ళ ఊరి హోటళ్ళ నుంచి. సాయంత్రం ఆన్‌లైన్‌లో పేకాట. క్యాంపన్నాక పేకాట లేకపోతే మెంబర్లు ఆలోచించడం మొదలుపెడతారు.

ఆ మూడు రోజులూ కంపెనీలో ఒక్క వాక్యం కోడ్ రాయలేదు. సంస్కృతి శిఖరాన్ని అందుకుంది.

అరుణశ్రీ మొదటిరోజు వచ్చి కెమెరా పక్కనున్న డబ్బాని చూసింది.

"వంటకి బియ్యం తీసుకోవచ్చా, దానిక్కూడా చెయ్యెత్తాలా?"

"ఎత్తాలి" అన్నాడు ఉపేంద్ర. ఎత్తాడు కూడా.

"శనివారం నాలుగింటికి అయిపోతుంది అరుణా. లిమ్ లెక్కపెట్టుకుని వెళ్ళిపోతుంది. ఆ తర్వాత సెలవు ఖాయమని సార్ మాటిచ్చాడు. డాక్టరిచ్చిన డేటు వచ్చేవారం కదా."

లోపలున్న మనిషి డాక్టరు మాటా వినలేదు, కన్వీనరు మాటా వినలేదు. శనివారం బిర్యానీలు తెరిచే వేళకి పక్క గదిలోంచి అరుణశ్రీ పిలిచింది. పిలుపులోనే తెలిసిపోయింది.

ఉపేంద్ర చెయ్యెత్తాడు.

"బాత్రూమేనా బాబూ? సుమలతమ్మ ఇప్పుడే వెళ్ళింది, రానివ్వండి."

"కాదండి. మా ఆవిడకి నొప్పులొస్తున్నాయి. ఆస్పత్రికి వెళ్ళాలి."

వీరభద్రరావుగారి పెదాల మీద చిన్న నవ్వు మొలిచింది.

"బాబూ ఉపేంద్రా. ఈ నొప్పులు నేను కొత్తగా చూస్తున్నానాండీ? మా దగ్గర భద్రయ్యని ఒక మెంబరుండేవాడు. క్యాంపులో ఉండగా పెళ్ళానికి నొప్పులని భోరున ఏడ్చాడు. జాలిపడి ఒదిలాం. మర్నాడు అవతలోళ్ళ బస్సులోంచి దిగి ఓటేశాడు. తర్వాత తెలిసిందండీ, వాడికసలు పెళ్ళే కాలేదు."

"నాకైందండీ! మీ అల్లుడుగారు గిఫ్టు కూడా పంపారు!"

"మిమ్మల్ని అనుమానిస్తే నా కళ్ళు పోతాయి. అమ్మాయిని ఒక్కసారి కెమెరా ముందుకి రమ్మనండి. రూఢి చేసుకోవాలి గదా."

రమ్మనక్కర్లేకపోయింది. ఆవిడే వచ్చింది. ఒక చేత్తో నడుం, ఒక చేత్తో కుర్చీ వీపు పట్టుకుని తెరలోకి వంగింది. పళ్ళు బిగించి ఉంది.

"ఏంటండీ? నొప్పిని కూడా స్క్రీన్ షేర్ చెయ్యమంటారా?"

తెర అడుగున చేరువ సాఫ్ట్‌వేర్ గబగబా లెక్కకట్టింది. కొత్త మొహం, ఒకటి. నవ్వు, తొంభై రెండు శాతం.

"తొంభై రెండు!" మహీధర్ తెర మీదికి వంగాడు. "మన టీమ్‌లో ఇంతవరకూ ఎవరికీ రాలేదు."

"అన్నా, నువ్వు పో అన్నా" అన్నాడు తిరుమలేష్ ఫ్యాను కిందినుంచి. "ఆడమనిషి గట్ల నిలబడితే ఇంకా ఏం సూస్తున్నవ్?"

"ఉమ్మడి జిల్లా ఇంచార్జిగారు సంయమనం పాటించాలి" అని వీరభద్రరావుగారు అతని మైకు మూయించారు.

అల్లుడూ మామా పక్కకి వెళ్ళి ఉన్నతస్థాయి చర్చలు జరిపారు. చర్చలు ఫలించాయి. మానవతా దృక్పథంతో ఉపేంద్రని ఆస్పత్రికి అనుమతించారు. షరతు ఒక్కటే. ల్యాప్‌టాప్ మూయకూడదు. క్యాంపు అతనితోపాటే వెళుతుంది. టాక్సీ పిలవడానికి ఫోను డబ్బాలోంచి తీసుకోవచ్చు, తర్వాత జేబులో పెట్టకూడదు, అరుణశ్రీ బ్యాగులో పెట్టాలి.

టాక్సీ నడిపే పెద్దాయన అద్దంలోంచి చూశాడు. వెనక సీట్లో ఒకామె మూలుగుతోంది. పక్కన ఒకడు తెరిచిన ల్యాప్‌టాప్‌ని చంటిబిడ్డలా పొదువుకుని కూర్చున్నాడు. అందులో ఎనిమిదిమంది బిర్యానీ తింటున్నారు.

"వైఫ్ లైక్ దట్, ఆల్సో మీటింగ్ ఆ?"

"ఎస్, అంకుల్."

"వాట్ కంపెనీ?"

ఉపేంద్రకి చెప్పబుద్ధి కాలేదు.

కాన్పు గది తలుపు దగ్గర నర్సు ఆపింది. లోపలికి భర్త రావచ్చు. ల్యాప్‌టాప్ రాకూడదు. కెమెరా ఉన్నదేదీ రాకూడదు. ఉపేంద్ర గోడ గడియారం చూశాడు. నాలుగవడానికి ఇంకా కాస్త ఉంది.

"మహీ సార్, దీన్ని ఇక్కడ కుర్చీలో పెట్టి నేను లోపలికి వెళ్ళొస్తాను."

"కుర్చీని లెక్కపెట్టదు ఉపేంద్రా, నీ సాఫ్ట్‌వేరే కదా. ఎనిమిది కనబడితే అయిపోయాం. అందరి ఉద్యోగాలూ పోతాయి. నీ పాసు కూడా. నేను బెదిరించట్లేదు. అన్నలాగా చెబుతున్నా."

అరుణశ్రీని చక్రాల కుర్చీలో లోపలికి తోస్తున్నారు. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. మొగుడు ల్యాప్‌టాప్‌తో నిలబడి ఉన్నాడు. పాసు, ఫ్లాటు, లోపల కట్టాల్సిన బిల్లు, అన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయని ఆవిడకీ తెలుసు. ఆవిడ ఏడవలేదు.

"నీ కల్చర్ అయ్యాక రా" అంది.

తలుపు మూసుకుంది. ఉపేంద్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మొహం కెమెరాకి సరిగ్గా చూపించాడు.

నాలుగింటికి మిస్ లిమ్ వచ్చింది. వీరభద్రరావుగారు నినాదం ఇచ్చారు. కంపెనీ తొమ్మిది విడతల్లో వర్ధిల్లింది. మహీధర్ బలమైన సంస్కృతి మీద ఇరవై స్లైడ్లు చూపించాడు. ఉపేంద్ర ఒక చెవి తెరకి, ఒక చెవి తలుపుకి పెట్టాడు. తలుపు వెనక నుంచి ఒక కేక వినబడింది. అప్పుడే చప్పట్ల బొమ్మ నొక్కమన్నారు. నొక్కాడు. ఇంకొక కేక. మళ్ళీ నొక్కాడు.

"నౌ ఐ కౌంట్" అంది మిస్ లిమ్.

తలుపు తెరుచుకుంది. నర్సు తెల్లటి మూటతో వచ్చింది.

"ఫాదర్ ఆ? గర్ల్. మదర్ ఓకే. యూ వాంట్ సీ బేబీ, ఆర్ సీ మీటింగ్?"

ఉపేంద్ర లేచాడు. ల్యాప్‌టాప్ చేతిలోనే ఉంది. మూటలోంచి ఎర్రటి చిన్న మొహం. కళ్ళు ఇంకా విప్పలేదు. అరుణశ్రీ పక్కన నిలబడి చూడాల్సిన ఘడియ గోడకి అవతల అయిపోయింది. తెరమీద అంకె మాత్రం మారింది. తొమ్మిది కాదు, పది.

"టెన్?" మిస్ లిమ్ ముందుకి వంగింది. "నైన్ కదా మీరు? హూ ఈజ్ దిస్?"

మహీధర్ రెప్ప వెయ్యలేదు. "న్యూ జాయినర్."

"మీటింగు జరుగుతుండగానే చేర్చుకున్నావా? వా, పవర్ఫుల్ లా!" మిస్ లిమ్ నోట్ చేసుకుంది. "సరే. లెక్క కుదిరింది. ఇక చెప్పొచ్చు. సోమవారం నుంచి మీ పదిమందీ గుంపోలా ఉద్యోగులు. గుంపోలాలో కూడా నా డబ్బే ఉంది. రెండు కలిపేస్తున్నా. తలకింత అని మహీతో అప్పుడే మాట్లాడుకున్నాం. కంగ్రాచ్యులేషన్స్."

మహీధర్ నవ్వుతున్నాడు. అతనికి అక్కడ వైస్ ప్రెసిడెంట్ హోదా. మావయ్యగారికి గౌరవ సలహాదారు. ఆ నవ్వు ఎంత శాతమో సాఫ్ట్‌వేర్ చెప్పింది గానీ ఎవరూ చూడలేదు.

విశాఖపట్నం నుంచి సుమలత గొంతు సన్నగా వినబడింది. "సార్, గుంపోలా ఫోను ఎత్తినందుకే కదండీ మమ్మల్ని మూడు రోజులు బియ్యం డబ్బాల ముందు కూర్చోబెట్టారు? మరిప్పుడు..."

"పిచ్చితల్లీ" అన్నారు వీరభద్రరావుగారు వాత్సల్యంగా. "నువ్వొక్కదానివే పోతే దాన్ని ఫిరాయింపంటారు. అందరం కలిసి పోతే విలీనం. రెండూ ఒకటేనా? ఒక్కొక్కరే పోతే మీకొచ్చేదే మీకొస్తది. కట్టగట్టి తీసుకెళ్ళినోడికి హోదా వస్తదమ్మా. ఇదంతా నేర్చుకోవాలి మీరు."

ఉపేంద్ర ఒక చేత్తో ల్యాప్‌టాప్, ఒక చేత్తో పిల్ల. నర్సు కింద పడేస్తాడేమోనని దగ్గరే నిలబడింది.

"మహీ సార్. నా లీవు?"

"అయ్యో ఉపేంద్రా. నేనిప్పుడు చేరువ సీయీవోని కాదుగా. దాని మీద మాట్లాడే అధికారం నాకు లేదు. గుంపోలాలో చేరిన ఆర్నెల్లు ప్రొబేషనట, సెలవులుండవట. బేబీకి మాత్రం నా తరఫున కంగ్రాట్స్."

మంగళవారం గుంపోలాలో మొదటి కల్చర్ మీటింగు. చేరువ నుంచి వచ్చిన వర్గానికి విడిగా పెట్టారు. అరుణశ్రీ పిల్లతో ముందురోజే ఇంటికొచ్చింది. ఉపేంద్రకి రెండు పిలుపులొచ్చాయి. ఒకటి అతనికి. ఇంకొకటి న్యూ జాయినర్‌కి. వెంటనే మహీధర్ ఫోను.

"ఉపేంద్రా, పదిమందని చెప్పి అమ్మాం. తొమ్మిది కనబడితే బాగోదు. ఈ ఒక్క పూట పాపని వొళ్ళో పెట్టుకుని కూర్చో. తర్వాత మానేసిందని నేను సర్దేస్తా. నీ ప్రొబేషన్ సంగతి నేను చూసుకుంటాగా."

ఉపేంద్ర కూర్చున్నాడు. పిల్లని భుజానికి ఆనించి మొహం కెమెరా వైపు తిప్పాడు. తెరమీద పది పడింది. పిల్ల నిద్రపోతోంది.

వీరభద్రరావుగారు కొత్త హోదాలో గంటసేపు మాట్లాడారు. విలీనం తర్వాత క్రమశిక్షణ ఎంత ముఖ్యమో చెప్పారు. చివరికి వేలు చూపించారు.

"అదిగో, ఆ పదో సభ్యురాలిని చూసి నేర్చుకోండి మీరంతా. వచ్చి మూడ్రోజులైంది. ఫోను ముట్టుకోలేదు. ఎదురుప్రశ్న వెయ్యలేదు. సెలవన్న మాటే ఎత్తలేదు. అదండీ సంస్కృతి అంటే!"

చప్పట్ల బొమ్మలు ఎగురుతుండగా పిల్లకి మెలకువ వచ్చింది. వచ్చీ రాగానే ఏడుపు లంకించుకుంది. ఆ గొంతు చిన్నదేమీ కాదు. హనుమకొండ దాకా, జొహోర్ దాకా మోగింది.

"ఎవరండీ అది? మ్యూట్ చెయ్యండి బాబూ, మ్యూట్ చెయ్యండి!"

ఉపేంద్ర వేలు మీట మీదికి వెళ్ళింది. అలవాటు. ఇన్ని నెలలుగా ఎవరు మ్యూట్ చెయ్యమన్నా ఆ వేలు వెళుతూనే ఉంది. ఇప్పుడు మాత్రం మీట మీద ఆగింది. నొక్కడానికీ మానడానికీ మధ్య అలాగే ఉండిపోయింది.

వెనకనుంచి అరుణశ్రీ వచ్చింది. నడుముకి చీర బిగించి కట్టుకుంది. చెయ్యి చాచి ల్యాప్‌టాప్ మూత మూసేసింది. పిల్లని అందుకుంది.

"పాలకేడుస్తోంది" అంది. "నువ్వెళ్ళి నాకు నీళ్ళు కాచు."

ఉపేంద్ర లేచి వంటింట్లోకి వెళ్ళాడు.

అవతల ఏం జరిగిందో తిరుమలేష్ తర్వాత చెప్పాడు. తెరమీద పది కాస్తా టక్కున ఎనిమిదైందట. వీరభద్రరావుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారట. మొహం తెల్లబోయిందట. అల్లుడి భుజం పట్టుకుని అడిగారట:

"ఎవరు కొన్నారండీ వాళ్ళని? ఎంతిచ్చారు?"